బొల్లి మచ్చలో రంగు ఎందుకు పోతుంది? చర్మం లోపల జరిగేదేమిటి?

క్లుప్తంగా: బొల్లిలో చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలు చనిపోతాయి. వాటిని చంపేది ప్రధానంగా మన రోగనిరోధక వ్యవస్థే. జన్యువులు, ఆ కణాల్లోనే ఉండే బలహీనత, రాపిడి, కొన్ని రసాయనాలు అందుకు దారి వేస్తాయి. పులుపు తినడం, చేపలు తిని పాలు తాగడం కారణాలనడానికి ఆధారాల్లేవు. దాడి చేసిన కణాలు మచ్చలోనే తిష్ఠ వేస్తాయి కాబట్టి చికిత్స ఆపాక చాలామందికి మచ్చ తిరిగొస్తుంది. కొత్త రంగు ఎక్కువగా వెంట్రుక కుదుళ్ల నుంచి వస్తుంది కాబట్టి ముఖం త్వరగా, వేలి కొసలు ఆలస్యంగా స్పందిస్తాయి.

ప్రపంచ జనాభాలో 0.5 నుంచి 2 శాతం మందికి బొల్లి ఉంటుందని అంచనా. వీరిలో దాదాపు సగం మందికి 20 ఏళ్లలోపే మొదటి మచ్చ కనిపిస్తుంది. నొప్పి ఉండదు, ప్రాణానికి ముప్పు లేదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. అయినా ఇంట్లో ఒకరికి మచ్చ వస్తే మొత్తం కుటుంబానికి టెన్షన్ పట్టుకుంటుంది. ముఖ్యంగా పెళ్లి కావాల్సిన ఆడపిల్లకు వస్తే దాచడానికి పడే తంటాలు అన్నీఇన్నీ కావు. తెలుగు సినిమాల్లోనూ నటించిన మమతా మోహన్‌దాస్ 2023 జనవరిలో తనకు బొల్లి ఉన్నట్టు బయటపెట్టినప్పుడు చాలామంది మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే: అసలు ఇది ఎందుకు వస్తుంది?

డాక్టరు ‘ఆటో ఇమ్యూన్’ అంటారు. పక్కింటివాళ్లు చింతపండు మానేయమంటారు. ఊళ్లో పెద్దలు రక్తం చెడిందంటారు. మొదటి మాట నిజమే గానీ అది సగం జవాబే. రోగనిరోధక వ్యవస్థ ఉన్నట్టుండి ఆ ఒక్క రకం కణాల మీదే ఎందుకు తిరగబడుతుంది, శరీరమంతా కాకుండా అక్కడక్కడే ఎందుకు, నయమైన చోటే మళ్లీ ఎందుకు అన్నవి మిగిలే ప్రశ్నలు. గత రెండు దశాబ్దాల పరిశోధన వీటిలో చాలావాటికి జవాబులిచ్చింది.

రంగు తయారయ్యే చోటు

చర్మం పైపొరకు అట్టడుగున, మామూలు చర్మకణాల మధ్య అక్కడక్కడా మెలనోసైట్లు ఉంటాయి. పిండదశలో నాడీవ్యవస్థ రూపుదిద్దుకునే చోటే ఇవీ పుట్టి, అక్కడి నుంచి ప్రయాణించి చర్మాన్ని, వెంట్రుక కుదుళ్లను చేరతాయి. టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని టైరోసినేజ్ అనే ఎంజైమ్ సాయంతో మెలనిన్‌గా మార్చడం వీటి పని. తయారైన మెలనిన్‌ను చిన్నచిన్న సంచుల్లో నింపి, తమ పొడవాటి కొమ్మల గుండా చుట్టూ ఉన్న చర్మకణాలకు అందిస్తాయి. ఒక్కో మెలనోసైట్ సుమారు 36 చర్మకణాలకు రంగు సరఫరా చేస్తుంది. అందుకున్న కణం ఆ మెలనిన్‌ను తన కేంద్రకం మీద గొడుగులా పరుచుకుంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు లోపలి డీఎన్ఏను దెబ్బతీయకుండా అది కాపాడుతుంది.

నల్లగా ఉన్నవారికైనా తెల్లగా ఉన్నవారికైనా మెలనోసైట్ల సంఖ్య దాదాపు ఒకటే. అవి తయారు చేసే మెలనిన్ ఎంత, ఏ రకం, ఎంతకాలం నిలుస్తుంది అన్నదాన్ని బట్టే ఒంటి రంగు మారుతుంది. బొల్లి మచ్చ పరిస్థితి వేరు. అక్కడ రంగు తక్కువగా తయారవడం కాదు, తయారు చేసే కణమే ఉండదు. ముదిరిన మచ్చ నుంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే చర్మకణాలన్నీ మామూలుగానే కనిపిస్తాయి, మెలనోసైట్లు మాత్రం కనిపించవు. అందుకే ఆ మచ్చ సుద్దముక్కంత తెల్లగా ఉంటుంది. చర్మం నునుపు మారదు, పొట్టు లేవదు, స్పర్శ పోదు.

తెల్లమచ్చలన్నీ బొల్లి కాదు

పుట్టుకతోనే ఒళ్లంతా తెల్లగా ఉండే అల్బినిజంలో మెలనోసైట్లు ఉంటాయి, కానీ జన్యులోపం వల్ల వాటిలో మెలనిన్ తయారీ సరిగా జరగదు. శోభి అని పిలుచుకునే ఫంగస్ మచ్చలు ఛాతీ, వీపు మీద సన్నని పొట్టుతో వస్తాయి, మందు రాస్తే పోతాయి. పిల్లల బుగ్గల మీద పొడిబారి పాలిపోయినట్టుండే మచ్చలు చూసి కడుపులో పురుగులని, కాల్షియం తక్కువైందని అంటుంటారు. అది ఒక రకం పొడి ఎగ్జిమా, బొల్లి కాదు. ఈ మచ్చల్లో వేటిలోనూ రంగు పూర్తిగా పోదు.

కుష్ఠుతో ఉన్న తేడా ఇంకా ముఖ్యమైనది, ఎందుకంటే బొల్లి చుట్టూ ఉన్న భయంలో ఎక్కువ భాగం అక్కడి నుంచే వచ్చింది. కుష్ఠు ఒక బ్యాక్టీరియా వల్ల వస్తుంది. మచ్చ పాలిపోయి లేదా ఎర్రగా ఉంటుంది, దాని మీద స్పర్శ తగ్గుతుంది. బొల్లికి బ్యాక్టీరియా లేదు, స్పర్శ చెక్కుచెదరదు. ‘తెల్ల కుష్ఠు’ అన్న పేరు పెట్టి రెంటినీ ఒకే గాటన కట్టడం వల్ల ఎన్నో కుటుంబాలు అనవసరంగా నలిగిపోయాయి. అనుమానం ఉంటే చర్మ వైద్యులు చీకటి గదిలో వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం వేసి చూస్తారు. బొల్లి మచ్చ ఆ వెలుగులో నీలితెలుపుగా, స్పష్టమైన అంచులతో మెరుస్తుంది.

కణాలను చంపుతున్నదెవరు?

మచ్చ వ్యాపిస్తున్న దశలో దాని అంచు దగ్గర చర్మాన్ని పరీక్షిస్తే సీడీ8 టి-కణాలు గుమిగూడి కనిపిస్తాయి. వైరస్ సోకిన కణాలను, క్యాన్సర్ కణాలను గుర్తించి చంపడం వీటి ఉద్యోగం. బొల్లి ఉన్నవారిలో ఇవి మెలనోసైట్ల మీద మాత్రమే ఉండే ప్రొటీన్లను, అంటే టైరోసినేజ్, మార్ట్-1, జీపీ100 వంటివాటిని శత్రువు గుర్తులుగా పోల్చుకుంటాయి. చుట్టూ ఉన్న చర్మకణాల్లో ఆ ప్రొటీన్లు ఉండవు కాబట్టి వాటి జోలికి పోవు. రంగు తప్ప ఇంకేదీ దెబ్బతినకపోవడానికి ఇదే కారణం.

అంచు దగ్గర ఇవి కనిపించినంత మాత్రాన హంతకులు ఇవేనని తేల్చేయలేం గదా. ఆ సందేహాన్ని తీర్చింది 2009లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం. బొల్లి ఉన్నవారి మచ్చ అంచు నుంచి టి-కణాలను వేరుచేసి, అదే వ్యక్తి ఒంటి మీద రంగు పోని చోటు నుంచి తీసిన చర్మపు ముక్కతో కలిపి ఉంచారు. ఆ ముక్కలోకి చొరబడిన టి-కణాలు మెలనోసైట్లను చంపాయి. మచ్చను పుట్టించడానికి ఆ కణాలు చాలునని దానితో రుజువైంది.

తర్వాత తేలిన సంగతి చికిత్సకే కొత్త దారి చూపింది. టి-కణాలు ఇంటర్ఫెరాన్ గామా అనే సంకేతాన్ని విడుదల చేస్తాయి. దాన్ని అందుకున్న మామూలు చర్మకణాలు తమ లోపల ఉన్న జాక్ అనే ఎంజైమ్‌ల ద్వారా ఆ కబురును కేంద్రకానికి చేరవేసి, సీఎక్స్‌సీఎల్9, సీఎక్స్‌సీఎల్10 అనే పదార్థాలను తయారు చేస్తాయి. ఈ పదార్థాలు మరిన్ని టి-కణాలను రక్తం నుంచి ఆ చోటికి రప్పిస్తాయి. వచ్చినవి మళ్లీ ఇంటర్ఫెరాన్ వదులుతాయి. అలా ఈ గొలుసు తనను తానే పెంచుకుంటూ పోతుంది. కొన్ని వారాల్లో వేలిగోరంత మచ్చ అరచేయంత కావడానికి వెనక ఉన్నది ఈ చక్రమే. ఇక్కడ చర్మకణాలు ప్రేక్షకులు కావు. తమకు రంగు ఇచ్చే కణాన్ని చంపడానికి వచ్చేవాటికి దారి చూపేది అవే.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. మెలనోసైట్లలో పుట్టే క్యాన్సర్ మెలనోమాకు రోగనిరోధక వ్యవస్థను ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందులు ఇచ్చినప్పుడు కొందరికి బొల్లి లాంటి మచ్చలు వస్తాయి. అలా మచ్చలు వచ్చినవారిలో క్యాన్సర్ మందులు బాగా పనిచేస్తున్నట్టు అధ్యయనాలు చూపాయి. టి-కణాలు వెతుకుతున్న గుర్తులు రెండు చోట్లా ఒకటే మరి. బొల్లి ముప్పును పెంచే ఒక టైరోసినేజ్ జన్యురూపం మెలనోమా ముప్పును తగ్గిస్తుందని జన్యు అధ్యయనాల్లోనూ తేలింది. బొల్లి ఉన్నవారికి మెలనోమా తక్కువగా వస్తుందన్న పరిశీలన దీనికి సరిపోతుంది. ఎండకు మచ్చ కందిపోవడం మాత్రం నిజమే, సన్‌స్క్రీన్ అవసరమే.

దాడి ఎందుకు మొదలవుతుంది?

మొదట జన్యువులు. బొల్లితో సంబంధమున్న జన్యుస్థానాలు 50కి పైగా బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం రోగనిరోధక వ్యవస్థను నడిపించేవి. కొన్ని మాత్రం మెలనోసైట్లకు చెందినవి. కానీ జన్యువులు ముప్పును పెంచుతాయే తప్ప అవే రాత రాయవు. ఒకే జన్యుసమాచారం ఉన్న కవలల్లో ఒకరికి బొల్లి ఉంటే రెండో వారికి వచ్చే అవకాశం సుమారు 23 శాతమేనని లెక్క తేలింది. తోబుట్టువుల్లో అది 6 శాతం చుట్టుపక్కల ఉంటుంది. సంబంధాలు చూసేటప్పుడు ‘ఆ వంశంలో బొల్లి ఉంది’ అని వెనకడుగు వేసేవారు ఈ రెండు అంకెలు చూడాలి. సాధారణ జనంతో పోలిస్తే ముప్పు ఎక్కువే, కాదనలేం. అయినా నూటికి 90 మందికి పైగా తోబుట్టువులకు అది రాదు.

ఇవే జన్యువుల్లో కొన్ని థైరాయిడ్ మీద, క్లోమం మీద, వెంట్రుకల మీద జరిగే దాడుల్లోనూ పాలుపంచుకుంటాయి. అందుకే బొల్లి ఉన్నవారిలో థైరాయిడ్ సమస్య మామూలు జనంలో కంటే చాలా ఎక్కువ. టైప్-1 మధుమేహం, పేనుకొరుకుడు, బి12 పీల్చుకోలేకపోవడం వల్ల వచ్చే రక్తహీనత కూడా కొందరిలో తోడవుతాయి. మచ్చ కనిపించగానే థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ పరీక్ష రాసేది ఇందుకే.

రెండోది మెలనోసైట్‌లోనే ఉన్న బలహీనత. మెలనిన్ తయారీ కణం మీద ఒత్తిడి పెంచే పని. దారిలో హైడ్రోజన్ పెరాక్సైడ్, విషప్రభావం ఉన్న క్వినోన్లు పుడతాయి. వాటిని విరిచేయడానికి కణంలో క్యాటలేజ్ వంటి ఎంజైమ్‌లు ఉంటాయి. బొల్లి ఉన్నవారి చర్మంలో క్యాటలేజ్ తక్కువగా, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎక్కువగా ఉన్నట్టు గుర్తించారు. అలా ఒత్తిడికి గురైన మెలనోసైట్ ప్రమాద సంకేతాలు పంపుతుంది. వాటిలో హెచ్‌ఎస్‌పీ70ఐ అనే ప్రొటీన్ మీద ఎక్కువ పరిశోధన జరిగింది. ఈ సంకేతాలు విని మొదట తెల్లరక్తకణాల్లో కాపలా కాసేవి వస్తాయి, మెలనోసైట్ ముక్కలను తీసుకెళ్లి టి-కణాలకు చూపిస్తాయి. కథ అక్కడి నుంచి పైన చెప్పిన చక్రంలో పడుతుంది.

గతంలో ‘కణం తానే చచ్చిపోతుంది’ అనే వాదం, ‘ఇమ్యూనిటీ చంపుతుంది’ అనే వాదం, ‘నరాల వల్ల’ అనే వాదం విడివిడిగా నడిచాయి. మొదటి రెండూ ఒకే దారిలో వచ్చే వరుస మెట్లని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు.

బొట్టు బిళ్ల, రబ్బరు చెప్పు, లంగా బొందు

ఒత్తిడికి గురైన మెలనోసైటే దాడిని పిలుస్తుందన్న సిద్ధాంతానికి బలమైన సాక్ష్యం కర్మాగారాల నుంచి వచ్చింది. 1939లో అమెరికాలో తోళ్ల పరిశ్రమ కార్మికులకు రబ్బరు గ్లవ్స్ వేసుకునే చోట చేతులు తెల్లబడ్డాయి. రబ్బరు పాడవకుండా కలిపిన మోనోబెంజోన్ అనే రసాయనం కారణమని తేలింది. 2013లో జపాన్‌లో చర్మాన్ని తెల్లబరిచే క్రీముల్లో వాడిన రోడోడెండ్రాల్ వల్ల వేలమందికి మచ్చలు వచ్చి, ఆ ఉత్పత్తులను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఈ రసాయనాలు నిర్మాణంలో టైరోసిన్‌ను పోలి ఉంటాయి. టైరోసినేజ్ మోసపోయి వాటి మీద పనిచేస్తుంది, మెలనిన్‌కు బదులు విషం పుడుతుంది. ఆ క్రీములు వాడినవారిలో మచ్చలు వచ్చింది సుమారు నూటికి ఇద్దరికే. మిగతా 98 మంది మెలనోసైట్లు ఆ ఒత్తిడిని తట్టుకున్నాయి. బలహీనత అందరిలో ఒకేలా ఉండదన్న మాట దీనితో గట్టిపడింది.

మన ఇళ్లలో దీని రూపం స్టిక్కర్ బొట్టు. కొన్ని బొట్టు బిళ్లల జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ ఉంటుంది. ఏళ్ల తరబడి ఒకేచోట పెట్టుకుంటే కొందరికి రెండు కనుబొమల మధ్య సరిగ్గా బిళ్ల ఆకారంలోనే తెలుపు వస్తుంది. మొదట దురద, ఎరుపు ఉండొచ్చు, ఉండకపోనూ వచ్చు. ఇదే జిగురు కొన్ని చెప్పుల్లోనూ వాడతారు, అప్పుడు పాదం మీద పట్టీ ఆనే చోట చారలు పడతాయి. తలకు వేసే రంగు తగిలి నుదురు పైన, చెవి దగ్గర మచ్చలు వచ్చినవారూ ఉన్నారు. తొలిదశలోనే మానేస్తే చాలామందికి రంగు తిరిగొస్తుంది. జన్యుపరంగా మొగ్గు ఉన్నవారిలో మాత్రం బిళ్ల కింద మొదలైన మచ్చ బిళ్ల తగలని చోట్లకూ పాకవచ్చు. ఆ దశలో బిళ్ల మానేయడం ఒక్కటే సరిపోదు.

రసాయనం లేకుండా రాపిడి కూడా చాలు. చీరకట్టులో లంగా బొందు బిగుతుగా ఒరుసుకునే నడుము చుట్టూ, మోచేతులు, మోకాళ్లు, వేళ్ల కణుపుల మీద మచ్చలు ఎక్కువగా రావడం, గీరుకున్న గీత వెంట తెల్లటి చార రావడం చర్మ వైద్యులకు బాగా తెలిసిన సంగతి. దీన్ని కోబ్నర్ ప్రభావం అంటారు. వ్యాధి చురుగ్గా ఉన్నవారిలో ఇది ఎక్కువ. బొందు వదులు చేసుకోవడం, వెడల్పాటి పట్టీ వాడటం, ఒంటిని పీచుతో గట్టిగా రుద్దకపోవడం డబ్బు ఖర్చు లేని జాగ్రత్తలు. చింతపండు మానడం మీద పెట్టే పట్టుదలలో కొంచెం వీటి మీద పెడితే ఎంతో మేలు.

పులుపు, చేపలు, పాలు

చేపల కూర తిని పాలు తాగితే బొల్లి వస్తుందన్న నమ్మకం తెలుగు ఇళ్లలో బాగా పాతుకుపోయింది. పైన చెప్పిన చక్రంలో ఎక్కడా ఆ జంటకు చోటు లేదు. ఆ రెండూ కలిపి తినే జనాలు ప్రపంచంలో ఎందరో ఉన్నారు. పులుపు మానమనడానికి ఒక వాదన మాత్రం ఉంది: విటమిన్ సి మెలనిన్ తయారీని తగ్గిస్తుంది. గాజు పాత్రలో పెంచిన కణాల మీద అది నిజమే. కానీ బొల్లి మచ్చలో తగ్గించడానికి మెలనిన్ తయారీయే లేదు, అసలు సమస్య కణం చావడం. చారు, పులుసు, నిమ్మకాయ, పెరుగు మానేసిన పిల్లలకు మచ్చ తగ్గినట్టు ఆధారాలు లేవు. తిండి తగ్గి, నలుగురితో కలిసి కూర్చోలేక వాళ్లు నలిగిపోవడం మాత్రం నిజం.

పోయిన రంగు ఎక్కడి నుంచి వస్తుంది?

చర్మం పైపొరలో మెలనోసైట్లు చనిపోయినా, వెంట్రుక కుదురు లోతుల్లో వాటి మూలకణాలు చాలాకాలం బతికే ఉంటాయి. దాడి ఆగితే అవి నిద్రలేచి, కుదురు వెంట పైకి ఎగబాకి చర్మంలోకి విస్తరిస్తాయి. చికిత్స ఫలిస్తున్న మచ్చను దగ్గరగా చూస్తే ఈ సంగతి కంటికే తెలుస్తుంది. తెల్లటి మచ్చ మధ్యలో ఒక్కో వెంట్రుక మొదట్లో ఆవగింజంత గోధుమరంగు చుక్క మొలుస్తుంది, వారాలు గడిచే కొద్దీ చుక్కలు పెరిగి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. కుదుళ్లు దట్టంగా ఉన్న ముఖం, మెడ త్వరగా నిండటానికీ, కుదుళ్లే లేని పెదవులు, అరచేతులు, వేలి కొసలు మొండికేయడానికీ ఇదే కారణం. మచ్చలోని వెంట్రుకలు కూడా తెల్లబడితే మూలకణాల నిల్వ అయిపోయిందని అర్థం, అక్కడ మందులతో వచ్చే ఫలితం తక్కువ.

ఎండను మందుగా వాడటం పాత విద్యే. అథర్వవేదంలోనే తెల్లమచ్చలకు మూలికల ప్రస్తావన ఉంది. బావంచాల గింజల్లో సోరాలెన్ ఉంటుంది, అది చర్మాన్ని అతినీలలోహిత కిరణాలకు బాగా స్పందించేలా చేస్తుంది. 1940ల్లో కైరోలో ఈజిప్టు వైద్యుడు అబ్దెల్ మోనెమ్ ఎల్ మోఫ్తీ మరో మొక్క నుంచి తీసిన అదే కుటుంబపు పదార్థంతో ఆధునిక చికిత్సకు పునాది వేశారు. అయితే బావంచాలు నూరి రాసుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చుంటే బొబ్బలెక్కుతాయి, ఆ గాయం కొత్త మచ్చకే దారి తీయొచ్చు. ఇప్పుడు ఎక్కువగా వాడే 311 నానోమీటర్ల యూవీబీ (అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) కాంతికి సోరాలెన్ అవసరం లేదు. అది ఒకవైపు టి-కణాలను అణచి, మరోవైపు కుదుళ్లలోని మూలకణాలను లేపుతుంది. ఫలితం తేలడానికి నెలలు పడుతుంది, ఎందుకంటే కొత్త కణాలు పుట్టి, నడిచి, పరుచుకోవాలి. నాలుగైదు వారాలకే ‘పనిచేయలేదు’ అని మానేసేవారు చాలామంది. వారు కుదురులో మొదలైన పనిని మధ్యలోనే ఆపేస్తున్నారు.

జాక్ దారిని అడ్డుకునే రక్సోలిటినిబ్ క్రీమును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022 జూలైలో 12 ఏళ్లు దాటినవారికి ఆమోదించింది. పరీక్షల్లో 24 వారాలకు సుమారు 30 శాతం మందికి, ఏడాదికి సుమారు సగం మందికి ముఖం మీద కనీసం 75 శాతం మెరుగుదల కనిపించింది. ఇంటర్ఫెరాన్ చక్రం గురించిన అవగాహన సరైనదేనని చెప్పడానికి ఇంతకంటే మంచి రుజువు అక్కర్లేదు.

కానీ చికిత్స ఆపిన మొదటి ఏడాదిలో సుమారు 40 శాతం మందికి రంగు తిరిగొచ్చిన చోటే మళ్లీ తెలుపు కనిపిస్తుంది. దాడి చేసిన టి-కణాల్లో కొన్ని జ్ఞాపకశక్తి ఉన్న కణాలుగా మారి చర్మంలోనే ఉండిపోతాయి. మందు వాడినంతకాలం అవి గమ్మున ఉంటాయి, చావవు. కొత్త మెలనోసైట్లు రాగానే మళ్లీ పిలుపు పంపుతాయి. రంగు వచ్చాక కూడా రోగనిరోధక దాడిని అణచే టాక్రోలిమస్ పూతను వారానికి రెండుసార్లు కొనసాగిస్తే తిరిగి వచ్చేవారి సంఖ్య 10 శాతం లోపుకు తగ్గినట్టు ఒక అధ్యయనంలో తేలింది. ఈ జ్ఞాపక కణాలు బతకడానికి ఐఎల్-15 అనే సంకేతం కావాలి, దాన్ని అడ్డుకునే మందుల మీద ఇప్పుడు ప్రయోగాలు నడుస్తున్నాయి.

ఒకవైపే వచ్చే రకం

సెగ్మెంటల్ బొల్లి దారి వేరు. అది ముఖానికో ఒంటికో ఒక పక్కనే, ఒక పట్టీలా, చాలాసార్లు చిన్న వయసులోనే వస్తుంది. కొన్ని నెలల్లో వేగంగా పరుచుకుని సాధారణంగా ఒకటి రెండేళ్లలో ఆగిపోతుంది. వెంట్రుకలు త్వరగా తెల్లబడతాయి. పిండదశలో ఒకే కణం నుంచి పుట్టిన మెలనోసైట్ల గుంపులో ఏదో మార్పు వచ్చి, ఆ గుంపు మీదే దాడి జరుగుతుందని ఒక బలమైన ప్రతిపాదన. థైరాయిడ్ వంటి తోడు జబ్బులు ఇందులో తక్కువ.

మందులకు ఇది సరిగా లొంగదు కానీ శస్త్రచికిత్సకు బాగా లొంగుతుంది. తొడ నుంచి పలుచని చర్మం తీసి, అందులోని కణాలను ద్రవంగా విడదీసి, మచ్చ పైపొర గీకి దాని మీద పోస్తారు. దాడి ముగిసిపోయిన చోటు కాబట్టి కొత్త కణాలు నిలదొక్కుకుంటాయి. మామూలు బొల్లిలో కూడా ఇదే పద్ధతి వాడతారు, అయితే కనీసం ఏడాదిపాటు కొత్త మచ్చ రాకుండా, పాతది పెరగకుండా ఉండాలన్న షరతు పెడతారు. వ్యాధి చురుగ్గా ఉండగా నాటితే తెచ్చి పెట్టిన మెలనోసైట్లను కూడా అవే టి-కణాలు చంపేస్తాయి, కణాలు తీసిన తొడ మీద కూడా ఆ గాయం వల్ల కొత్త మచ్చ రావచ్చు.